పేరు పెట్టి పిలిస్తే

203వ రోజు

ఈ పుస్తకం మందుల సారుది. ముందున్న నూట ఇరవై పేజీల్లో గళ్ళు కొట్టి ఉన్నాయి. రోజుకు నాలుగు ప్రశ్నలు. అన్నం తిన్నారా. చెమట పట్టిందా. గుండుసూది తాకిస్తే తెలిసిందా. పేరు పెట్టి పిలిస్తే పలికారా. ఇంట్లో మందు వేసుకునే మనిషి గురించి ఇంటి ఆడమనిషి రాయాలి. గళ్ళు దాటి ఒక్క మాట కూడా రాయొద్దని సారు మొదటి రోజే చెప్పాడు. వెనక మాత్రం కొన్ని పేజీలు ఖాళీగా ఉన్నాయి. నేను చదివింది ఐదో తరగతి. నలుగురిలో నోరు విప్పడం నాకు రాదు. గళ్ళలో పట్టనివి ఇక్కడ రాసుకుంటున్నాను.

పొద్దున ఆయనకు చలవ బిళ్ళ ఇచ్చాను. అది వేసుకున్న మనిషికి వేడి తెలియదు, దాహం వేయదు, చెమట పట్టదు. యాభై ఆరు డిగ్రీల ఎండలో ఎనిమిది గంటలు నిలబడి అద్దాలు తుడవగలడు. ఈ ఉప్పు నేల మీద కనుచూపు మేర అద్దాలే. పట్నానికి కరెంటు వీటి నుంచే వెళుతుంది. బిళ్ళ లేని మనిషి మా కాలనీ మీది నీడ కప్పు దాటితే పది నిమిషాలకు మించి నిలవలేడు.

ఆయన వెళ్ళాక గుమ్మం మీద పేరుకున్న ఉప్పు గీకాను. వరసలో నిలబడి రెండు బిందెల నీళ్ళు తెచ్చాను.

ఆయన చెయ్యి ఇప్పుడు ఎప్పుడు తాకినా చల్లగా ఉంటుంది. మొదట్లో నాకది హాయిగా ఉండేది. ఈ మధ్య మాట కూడా తగ్గింది. నిన్న పులుసులో ఉప్పు వేయడం మరిచాను. ఏమీ అనకుండా తిన్నారు. పెళ్ళయిన కొత్తలో అయితే, ఇంత ఉప్పులో కాపురం చేస్తా నీకు చిటికెడు దొరకలేదా అని నవ్వించేవారు. నవ్వించలేదని రాయడానికి గడి లేదు. తిన్నారు అని రాశాను.

నాలుగో ప్రశ్న సంగతి కూడా రాయాలి. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు ఎత్తరు. ఎత్తితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. కార్డు రాయించుకునేటప్పుడు కూడా పక్కవాళ్ళ చేత చెప్పిస్తాం. పుస్తకాలు పంచిన రోజు సారును ఈ మాట అడగాలనుకుని, సిగ్గుతో తల వంచుకుని నిలబడిపోయాను. పక్కింటి మస్తానమ్మక్క నా అవస్థ కనిపెట్టింది. పిలిస్తే పలికాడా అనే కదా వాళ్ళకు కావాల్సింది, ఏమండీ అన్నా పిలిచినట్టే అంది. అప్పటి నుంచి అలాగే చేస్తున్నాను. ఏమండీ అంటాను. చిన్నగా నవ్వుతూ తిరిగి చూస్తారు. పలికారు అని రాస్తాను. ఈ రోజుతో రెండు వందల మూడుసార్లు రాశాను.

209వ రోజు

ఈ రోజు నీళ్ళ దగ్గర అందరం నవ్వాం.

మగవాళ్ళు పని దిగి కడుగుగదిలో ఉప్పు కడుక్కుని వస్తున్నారు. మస్తానమ్మక్క బిందె ఎత్తుకోలేక, ఏమండీ ఇటు పట్టండి అని కేక వేసింది. ఆరుగురు మగవాళ్ళు ఒక్కసారే తిరిగి చూశారు. ఆరుగురూ బిందె కోసం చేతులు చాచారు.

"చూడండిమే, నాకు ఆరుగురు మొగుళ్ళు. ఒక్కడితోనే ఏగలేక చస్తా ఉంటే," అంది అక్క.

ఆరుగురిలో మా ఆయన కూడా ఉన్నారు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఈ కాలనీలో నలభై రెండు ఇళ్ళు. ఒక్కొక్కరం ఒక్కో ఊరి నుంచి వచ్చాం. మా అమ్మ మా నాన్నను మామా అని పిలిచేది. కొందరిళ్ళల్లో బావా అనేవారు. ఇక్కడికి వచ్చాక, సార్ల ముందు బాగుంటుందని అందరం ఏమండీ నేర్చుకున్నాం. అందుకే ఎవరు పిలిచినా అందరికీ తమ ఇంటి పిలుపులాగే వినపడుతుందని అనుకున్నాం.

ఇంకో ముప్పై ఒక్క రోజులకు సారు పుస్తకాలు తీసుకుంటాడు. మా పుస్తకాలు మంచిగా ఉంటే ఈ బిళ్ళ మిగతా ముప్పై కాలనీలకూ వెళుతుందట. తప్పు రాసినట్టు తేలితే మాత్రం ఆ ఇల్లు ఖాళీ చేయించి, నీడ లేని ఊళ్ళకు పంపేస్తారు.

214వ రోజు

రెండు నెలల తర్వాత ఉప్పు గాలి వచ్చింది. మస్తానమ్మక్క ఆయన చనిపోయాడు.

ఉప్పు గాలికి పావుగంట ముందు గేటు పక్కనున్న కాపలా గోపురం మీద ఎర్ర దీపం వెలుగుతుంది. వెంటనే ఓబులేసు మేస్త్రి మైకులో పేర్లు చదువుతాడు. గేటు సన్నం కాబట్టి పేరు విన్నవాళ్ళు విన్నట్టు ఒక్కొక్కరే లోపలికి రావాలి. గాలి మొదలయ్యాక బయట ఉన్న మనిషి ముక్కులోకీ గొంతులోకీ ఉప్పు పొడి దిగి ఊపిరి ఆడదు. దానికి ఏ బిళ్ళా పనిచేయదు.

ఈ రోజు అందరూ గేటు పక్క వరసల్లోనే ఉన్నారు. మేస్త్రి వాళ్ళ మధ్యలోనే నిలబడి చేతి మైకులో పేర్లు చదివాడు. తానే ముందు నడిచాడు. వెనక అందరూ నడిచారు. అక్క ఆయన మాలకొండయ్య ఒక్కడే, వెళ్ళి తీసుకొచ్చే వ్యవధి లేనంత దూరంలో, చివరి వరసలో ఉన్నాడు. అతని పేరు పదకొండుసార్లు పిలిచారు. మేము అద్దం తలుపుల వెనక నుంచి చూస్తూనే ఉన్నాం. స్తంభానికి కట్టిన మైకు అతని తల మీదే మోగుతోంది. అతను తల ఎత్తలేదు. గుడ్డతో అద్దం తుడుస్తూనే ఉన్నాడు. గాలికి బెదిరి పరుగెత్తి ఉంటే నేను ఇంత భయపడేదాన్ని కాదు.

గాలి తగ్గాక చూస్తే అద్దానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అతని ముందున్న అద్దం చెయ్యి అందినంత మేర శుభ్రంగా ఉంది.

215వ రోజు

సారు మస్తానమ్మక్క ఇంటికి వచ్చాడు. పుస్తకం తిరగేశాడు. నాలుగో గడిలో రోజూ పలికారు అనే ఉంది. మరి పదకొండుసార్లు పిలిచినా ఎందుకు రాలేదమ్మా, నువ్వు రోజూ పేరు పెట్టే పిలిచావా అని అడిగాడు. అక్క పిలిచానంది. సారు చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. చెవులకు ఉప్పు పట్టి ఉంటుందిలే అని రాసుకుని వెళ్ళిపోయాడు.

నేను అన్నం తీసుకుని వెళ్ళాను. అక్క తినలేదు. తలుపు వేసి రమ్మంది.

"ఒక్కసారన్నా మాలకొండయ్యా అని పిలిచుంటే తెలిసిపోయేదే చెంగమ్మా. ఆయుష్షు తగ్గుద్దని పిలవలా. యాడుంది ఇప్పుడు ఆయుష్షు?"

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఇంటికి పో. పొయ్యి మీ ఆయన్ని పేరు పెట్టి పిలువు."

216వ రోజు

పెంచలయ్య. పుస్తకం అట్ట మీద సారు రాసిన పేరే ఇది. నా చేత్తో నేను రాయడం ఇదే మొదలు.

నిన్న పిలవలేకపోయాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈ రోజు ఆయన పనికి వెళ్ళాక బిందెలో నీళ్ళు పోస్తూ, ఆ చప్పుడులో మెల్లగా అని చూశాను. ఎవరైనా విన్నారేమోనని తలుపు తీసి చూశాను. మళ్ళీ అన్నాను.

సాయంత్రం ఆయన చాప మీద కూర్చుని కోటుకు ఊడిన గుండీ కుట్టుకుంటున్నారు. నేను వెనక నిలబడ్డాను. పెంచలయ్యా అన్నాను. సూది ఆగలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. పేరు పెట్టి పిలిచినందుకు కోపం వచ్చి తిరిగి చూసి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. ముందుకు వెళ్ళి ఎదురుగా కూర్చుని మూడోసారి పిలిచాను. నా భుజం మీదుగా తలుపు వైపు చూశారు, అక్కడ ఎవరో వచ్చారేమో అన్నట్టు.

ఏమండీ అన్నాను. వెంటనే నా వైపు తిరిగి, ఏంది అన్నారు.

మీ పేరేంది అని అడిగాను. సూది పట్టుకుని కాసేపు ఆలోచించారు.

"మేస్త్రిని అడుగు. ఆయన కాడ కాయితం ఉంటది."

గోడ అవతల మస్తానమ్మక్క ఉంది. ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ఏమండీ అంది. ఆయన ఆమె వైపు తిరిగారు. అదే చూపు, అదే ఏంది. నా కోసం మాత్రమే అనుకున్న ఆ చిన్న నవ్వు కూడా అక్కడే ఉంది. పేరు పోయిందంటే తట్టుకున్నాను కానీ, ఇది చూశాక వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఎన్ని రోజులైందో లెక్క కట్టడానికి నా దగ్గర ఆధారం లేదు. పుస్తకంలో ప్రతిరోజూ పలికారు అనే ఉంది.

217వ రోజు

ఈ రోజు పనికి సెలవు. మగవాళ్ళు నీడ వసారాలో వరసగా కూర్చుని ఉన్నారు.

నీళ్ళ దగ్గర నేను మాట్లాడాను. నలుగురిలో నేనే మొదలుపెట్టడం ఈ కాలనీలో ఇదే మొదటిసారి. మాట మెల్లగా వచ్చింది. మస్తానమ్మక్క పక్కన నిలబడి, గట్టిగా చెప్పుమే అంది. చెప్పాను. కొందరు వినకముందే బిందెలు ఎత్తుకున్నారు. చివరింటి రత్తమ్మత్తకు కోపం వచ్చింది. నీకు రాసేది చేతకాకపోతే మా అందరి నీడా పోగొడతావా అని అడిగింది. నేను తల వంచుకుని, ఒక్కసారి పిలిచి చూడత్తా, పలికితే నన్ను తిట్టు అన్నాను.

పట్టపగలు, వసారా ముందు నలభై ఒక్క మంది ఆడవాళ్ళం నిలబడ్డాం. మొదట ఎవరూ నోరు తెరవలేదు. చాలామంది కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రత్తమ్మత్తే ముందు పిలిచింది. వెంగయ్యా అంది. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరం. పేర్లన్నీ కలిసిపోయాయి. ముప్పై ఏళ్ళుగా నోట్లోనే ఉండిపోయిన పేర్లు కూడా ఉన్నాయి వాటిలో.

మగవాళ్ళు మా వైపు చూడలేదు. వసారా కప్పు నుంచి ఉప్పు రాలుతుంటే దాన్ని చూస్తూ కూర్చున్నారు. ఎవరివో పేర్లు ఎవరో పిలుచుకుంటున్నారన్నట్టు ఉన్నారు. ఒక్కరూ పలకలేదు. రత్తమ్మత్త మాత్రం అందరం ఆపేశాక కూడా పిలుస్తూనే ఉంది.

218వ రోజు

పుస్తకం తీసుకుని సారు దగ్గరికి వెళ్ళాను. నాలుగో గడిలో పలికారు అన్న మాట రెండు వందల పదిహేనుసార్లు కొట్టేసి, పిలవలేదు అని రాశాను. చివరి రెండు గళ్ళలో పలకలేదు అని రాశాను. తెల్లారి మొదలుపెడితే మధ్యాహ్నమైంది. వేళ్ళు నొప్పి పుట్టాయి.

సారు చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. చిన్నవయసు మనిషి. అతనికి చెమటలు పట్టాయి. నలభై రెండు పుస్తకాలూ ఇంతేనా అని అడిగాడు. అవునన్నాను.

"నన్ను అడగొచ్చు కదమ్మా. పేరు ఎత్తలేమని ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"సిగ్గేసింది సార్," అన్నాను.

అతను పై ఆఫీసుకు రాస్తానన్నాడు. పుస్తకం కుట్టు విప్పి గళ్ళ పేజీలు తీసుకున్నాడు. వెనక పేజీలు చదవకుండానే, ఇవి నీవి అని తిరిగి ఇచ్చాడు.

ఇల్లు పోయినా పరవాలేదు, బిళ్ళ ఆపాలి అని మొదటిసారి అనుకున్నాను. కానీ నేను ఇంట్లో ఆపలేను. ఇవ్వకపోయినా ఆయన పొద్దున గంట మోగగానే కోటు తొడుక్కుని బయలుదేరతారు. తలుపుకు అడ్డం నిలబడితే నన్ను మెల్లగా పక్కకు జరిపి వెళ్ళిపోతారు. బిళ్ళ లేకుండా ఎండలోకి వెళితే పది నిమిషాలు. అందుకే రేపు పొద్దున కూడా నా చేత్తోనే ఇస్తాను.

221వ రోజు

జవాబు రాలేదు. పని ఆగలేదు. ఈ రోజు మగవాళ్ళందరినీ చివరి వరసలకు పంపారు. అక్కడికి నడిస్తే పది నిమిషాలు.

మధ్యాహ్నం రెండింటికి ఎర్ర దీపం వెలిగింది. మేస్త్రి గోపురం మీద ఉన్నాడు. పేర్లు చదవడం మొదలుపెట్టాడు. నేను తలుపు దగ్గర నుంచి చూశాను. దూరంగా తెల్లకోట్లు, అద్దాల మీద తిరిగే చేతులు. ఒక్క చెయ్యి ఆగలేదు. మేస్త్రి పేర్లు మళ్ళీ మొదటి నుంచి చదివాడు. పెంచలయ్య అన్న పేరు రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయింది.

గోపురం మెట్లు ఎప్పుడు ఎక్కానో తెలియదు. అరికాళ్ళు కాలాయి. నన్ను చూసి మేస్త్రి పొమ్మన్నాడు. అతని చేతిలోని మైకు లాక్కున్నాను. నా గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు.

"ఏమండీ, ఇంటికి రండి."

నలభై ఒక్క మంది తిరిగారు. చేతిలో గుడ్డలు అక్కడే వదిలేశారు. పరుగెత్తలేదు, తోసుకోలేదు. అన్నానికి పిలిస్తే వచ్చినట్టు, దుమ్ము రేగుతున్న ఆకాశం కింద వరసగా నడిచి వచ్చారు. చివరి మనిషి గేటు దాటేదాకా నేను పిలుస్తూనే ఉన్నాను. అంతమంది మగవాళ్ళు నా వైపే చూస్తూ, నన్ను ఎవరనుకుంటున్నారో తెలియకుండా నడిచి రావడం చూస్తే, వాళ్ళు బతికారన్న సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది.

మేస్త్రి గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు.

కిందికి దిగేసరికి కడుగుగది ముందు ఎవరి మనిషిని వాళ్ళు వెతుక్కుంటున్నారు. ముఖాల నిండా ఉప్పు. మగవాళ్ళు ఎవరు చెయ్యి పట్టుకుంటే వాళ్ళ వెంట వెళుతున్నారు. మస్తానమ్మక్క ఒక పక్కగా నిలబడి ఉంది. ఒక మనిషి వచ్చి ఆమె ముందు ఆగి, అన్నం పెట్టు అన్నాడు. అక్క అతని ముఖం మీది ఉప్పు కొంగుతో తుడిచింది. తుడిచాక గుర్తుపట్టింది. తర్వాత చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చింది.

"ఇదిగోమే, మీ ఆయన," అంది.

223వ రోజు

సారు ఒక పెట్టె తెచ్చాడు. మాటలు పట్టుకునే పెట్టె. ఆడవాళ్ళందరినీ వసారాలో కూర్చోబెట్టాడు. పై ఆఫీసు నుంచి జవాబు వచ్చిందట. తప్పు రాసినందుకు ఎవరి ఇల్లూ తీయరట. పైగా మమ్మల్ని మెచ్చుకున్నారట. పేర్లకు పలకని మగవాళ్ళు ఏమండీ అంటే వస్తున్నారు కాబట్టి, ఆ పిలుపు ఈ పెట్టెలో పట్టి గోపురం మీద పెడితే చాలు. బిళ్ళ ఆపనక్కరలేదు. ముప్పై కాలనీలకూ బిళ్ళతో పాటే ఈ పిలుపు పంపుతారు. ముందు నా గొంతే కావాలన్నారు.

ఇదంతా చెబుతున్నప్పుడు సారు నేల వైపే చూస్తున్నాడు.

పెట్టె నా ముందు పెట్టాడు. ఎర్ర చుక్క వెలిగింది. మూడే మాటలమ్మా, మొన్న అన్నట్టే అను అన్నాడు. నేను పెట్టె వైపు చూశాను. ఎవరి ఊళ్ళోనో, నేను చూడని మగవాళ్ళు నా గొంతు విని తిరిగి చూస్తారు. వాళ్ళ భార్యలు ఇంట్లో కూర్చుని అది వింటారు.

నేను అనలేదు. సిగ్గుపడుతున్నాననుకుని సారు అటు తిరిగి గోడ వైపు నిలబడ్డాడు. అయినా అనలేదు. ఎంతసేపైందో తెలియదు. నలుగురిలో మాట్లాడకుండా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటే.

సారు పెట్టె మస్తానమ్మక్క ముందుకు జరిపాడు. ఆమె కళ్ళు మూసుకుంది. అక్కడి నుంచి రత్తమ్మత్త ముందుకు. అక్కడి నుంచి ఇంకొకరి ముందుకు. మధ్యాహ్నమంతా ఆ పెట్టె వసారాలో తిరిగింది. ఎవరో దగ్గారు. అంతకు మించి ఏమీ పట్టుకోలేదు అది.

చివరికి సారు మూత వేశాడు. ఎవరూ మాట్లాడలేదని రాసి పంపుతానన్నాడు. మేస్త్రి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పిలిస్తే రాని మనుషుల్ని నేను బయటికి తీసుకెళ్ళను, నన్ను తీసేసినా సరే అన్నాడు. సాయంత్రం గేటుకు లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి మస్తానమ్మక్కకు ఇచ్చాడు. సారు ఇంటింటికీ తిరిగి బిళ్ళల డబ్బాలు తీసుకున్నాడు. పై ఆఫీసు వాళ్ళు ఎప్పుడైనా రావచ్చు అన్నాడు. రానీ అన్నాం.

231వ రోజు

బిళ్ళ ఆపి ఎనిమిది రోజులు. మూడో రోజు ఆయనకు చెమట పట్టింది. తడిసిన చెయ్యి చూసుకుని భయపడ్డారు. ఐదో రోజు నీళ్ళు అడిగారు. నిన్న వేడి అని చొక్కా విప్పేశారు. నేను విసురుతూ కూర్చుంటే విసనకర్ర వైపు చూశారు కానీ నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది.

కొంతమంది బాగుపడతారని, కొన్ని జ్ఞాపకాలు తిరిగి రావచ్చని, రాకపోవచ్చని సారు చెప్పాడు. ఎంతమందికో ఏ పుస్తకంలోనూ లేదట. ఇక ఏమండీ అని పిలవకూడదని ఆడవాళ్ళందరం అనుకున్నాం. ఆ పిలుపుకు ఎవరైనా వస్తారు.

రోజూ పేరు పెట్టే పిలుస్తున్నాను. ఎవరైనా విన్నారేమోనని ఇప్పుడు తలుపు తీసి చూడడం లేదు. ఈ సాయంత్రం అన్నం ముందు పెట్టి, పెంచలయ్యా అన్నాను.

మొదటిసారి తల ఎత్తారు. నన్ను నిదానంగా చూశారు. ఇంటికి వచ్చిన పరాయి ఆడమనిషితో మాట్లాడినట్టు మర్యాదగా చెప్పారు.

"ఆయన ఇంట్లో లేడమ్మా. పనికి పొయ్యుండాడు."

ఎప్పుడొస్తాడని అడిగాను. చెప్పి పోలేదన్నారు.

"ఆయన వచ్చేదాకా కూర్చుంటాను," అన్నాను.

సరే కూర్చోమ్మా అని, తను కొంచెం పక్కకు జరిగి చాప మీద నాకు చోటు ఇచ్చారు.